టైమ్‌షేర్‌కు రెండు ధరలు: డెవలపర్ దగ్గర కొనాలా, రీసేల్‌లో తీసుకోవాలా?

ఒకే రిసార్ట్, ఒకే సైజు గది, ఏడాదిలో ఒకే వారం. డెవలపర్ సేల్స్ ఆఫీసులో దానికి 20 వేల డాలర్ల పైనే చెబుతారు. అదే వారాన్ని ఎప్పుడో కొని ఇప్పుడు వదిలించుకోవాలని చూస్తున్న ఓనరు ఈబేలో ఒక్క డాలరుకు పెడతాడు. ఒక్కోసారి ఆ డాలరు ఇచ్చేవాళ్లు కూడా దొరకరు. అమెరికా టైమ్‌షేర్ మార్కెట్‌లో ఇది వింతేమీ కాదు, రోజూ కనిపించేదే. తేడా ఇంత ఉన్నప్పుడు చవకది కొనుక్కోమని చెప్పి వదిలేయొచ్చు. చాలామంది విషయంలో ఆ సలహా తప్పు కూడా కాదు. కాకపోతే ఒక వస్తువు ఒక్క డాలరుకు ఎందుకు దొరుకుతోందో తెలియకుండా కొన్నవాళ్లు, 20 వేలు పోసినవాళ్లు ఇరుక్కున్న చోటే ఇరుక్కుంటారు. కాస్త తక్కువ డబ్బుతో ఇరుక్కుంటారు, అంతే.

టైమ్‌షేర్ అంటే సెలవుల్లో ఉండే ఇంటిని చాలామంది కలిసి, కాలాన్ని పంచుకుని వాడుకోవడం. ఈ పద్ధతి 1960లలో యూరప్‌లో మొదలైంది. స్విట్జర్లాండ్‌లోని హాపిమాగ్ 1963లోనే ఇలాంటి ఏర్పాటు చేసింది. అమెరికాలో 1970లలో బాగా పుంజుకుంది. 1974లో ఆర్‌సీఐ, 1976లో ఇంటర్వెల్ ఇంటర్నేషనల్ అనే మార్పిడి కంపెనీలు వచ్చాక ఒకరి వారాన్ని మరో ఊళ్లోని వారంతో మార్చుకునే వీలు కలిగింది. మొదట్లో ఫలానా గది, ఫలానా వారం అని రాసి అమ్మేవారు. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ ఎక్కువగా పాయింట్ల లెక్కన అమ్ముతున్నాయి. ఏటా ఇన్ని పాయింట్లు వస్తాయి, వాటితో ఆ కంపెనీ రిసార్ట్‌లలో ఖాళీ ఉన్న చోట గది తీసుకోవచ్చు. కొన్నిచోట్ల డీడ్ రాసి ఆస్తిగా ఇస్తారు, కొన్నిచోట్ల ఇన్నేళ్లపాటు వాడుకునే హక్కు మాత్రమే ఇస్తారు. రీసేల్‌లో ఈ చివరి తేడా చాలా ముఖ్యం, అది తర్వాత చూద్దాం.

20 వేలు ఎక్కడికి పోతాయి

డెవలపర్ చెప్పే ధరకు గది విలువతో సంబంధం తక్కువ. ఆ ధరలో పెద్ద వాటా అమ్మడానికి అయిన ఖర్చుదే. రిసార్ట్ చూడటానికి వస్తే రెండు రాత్రులు ఉచితం, థీమ్ పార్క్ టికెట్లు, గిఫ్ట్ కార్డు అంటూ జనాన్ని రప్పించాలి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కొనకుండా వెళ్లిపోతారు. వాళ్లకు పెట్టిన ఖర్చు కూడా కొన్నవాళ్ల మీదే పడుతుంది. ఆపైన సేల్స్ మనిషి కమిషన్, అతడు ఒప్పించలేకపోతే పక్క టేబుల్ నుంచి వచ్చి కూర్చునే మేనేజర్ కమిషన్. షేర్ మార్కెట్‌లో ఉన్న టైమ్‌షేర్ కంపెనీల వార్షిక నివేదికలు చూస్తే, అమ్మకాల మీద వచ్చే ఆదాయంలో సగం అటూ ఇటూ మార్కెటింగ్, సేల్స్ ఖర్చులకే పోతున్నట్టు తెలుస్తుంది. కట్టడానికి అయిన ఖర్చు అందులో చిన్న ముక్క.

అంటే కొన్నవాళ్లు తమను ఒప్పించడానికి అయిన ఖర్చును తామే భరిస్తున్నారన్నమాట. ఆ డబ్బును తర్వాత కొనేవాళ్లు తిరిగి ఇవ్వరు. సేల్స్ ఆఫీసు దాటగానే విలువ పడిపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

దీనికి అప్పు తోడైతే లెక్క ఇంకా బరువెక్కుతుంది. టైమ్‌షేర్‌ను తాకట్టుగా తీసుకుని బ్యాంకులు సాధారణంగా అప్పివ్వవు కాబట్టి డెవలపరే ఇస్తాడు. వడ్డీ 12 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. 20 వేల డాలర్లు 15 శాతం వడ్డీకి 10 ఏళ్ల వాయిదాల మీద తీసుకుంటే నెలకు దాదాపు 323 డాలర్లు కట్టాలి. పదేళ్లయ్యేసరికి కట్టిన మొత్తం 38,700 చిల్లర అవుతుంది. వడ్డీ ఒక్కటే అసలుకు దగ్గరగా వచ్చేస్తుంది. డెవలపర్ దగ్గర కొనాలా వద్దా అన్న మీమాంసలో ఉన్నవాళ్లు అప్పు చేయాల్సి వస్తుందనుకుంటే ఇక మీమాంస అక్కర్లేదు, లేచి వచ్చేయడమే మంచిది. పదిహేను శాతం వడ్డీకి అప్పు తెచ్చి సెలవులు కొనుక్కోవడాన్ని సమర్థించే లెక్క ఏదీ లేదు.

రీసేల్‌లో కొనేవాళ్ల మీద ఈ అమ్మకం ఖర్చు పడదు. అప్పు దొరకడం కష్టం కాబట్టి నగదు పెట్టే కొంటారు. ధరలో వచ్చే తేడా అంతా ప్రధానంగా ఈ రెండింటిదే. గది, పరుపు, ఈత కొలను ఇద్దరికీ ఒకటే.

బిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే

ఇక్కడ రీసేల్ అభిమానులు తరచూ మర్చిపోయే విషయం ఉంది. ఎక్కడ కొన్నా, ఎంతకు కొన్నా ఏటా వచ్చే మెయింటెనెన్స్ ఫీజులో ఒక్క సెంటు కూడా తేడా ఉండదు. అమెరికాలో ఒక వారానికి సగటున ఏడాదికి వెయ్యి డాలర్ల పైనే కట్టాల్సి ఉంటుంది. పెద్ద గదులకు, సముద్రం ఒడ్డున ఉన్నవాటికి ఇంకా ఎక్కువ. ఇది ఏటేటా పెరుగుతుంది. తుఫానుల తర్వాత ఇన్సూరెన్స్ ప్రీమియంలు పెరిగినా, పైకప్పు మార్చాల్సి వచ్చినా ఆ భారం ఓనర్ల మీదే. మామూలు ఫీజు చాలకపోతే స్పెషల్ అసెస్‌మెంట్ పేరుతో విడిగా వసూలు చేస్తారు. వెళ్లినా వెళ్లకపోయినా కట్టాల్సిందే.

మెయింటెనెన్స్ 1,200 డాలర్లనీ, ఏటా 5 శాతం పెరుగుతుందనీ అనుకుందాం. మొదటి పదేళ్లలో దాదాపు 15,100 డాలర్లు, ఇరవై ఏళ్లలో దాదాపు 39,700 డాలర్లు కట్టాలి. ఇప్పుడు ముగ్గురిని పక్కపక్కన పెడదాం. డెవలపర్ దగ్గర పైన చెప్పిన అప్పుతో కొన్నవాళ్లకు పదేళ్లలో మొత్తం 53,800 అవుతుంది, అంటే ఒక్కో వారం సెలవుకు 5,380 డాలర్లు. 20 వేలు నగదు పెట్టి కొంటే ఒక్కో వారానికి 3,500 చిల్లర పడుతుంది. రీసేల్‌లో బదిలీ ఖర్చులతో కలిపి 5 వేలకు తెచ్చుకున్నవాళ్లకు దాదాపు 2 వేలు పడుతుంది. మొదటివాళ్లకూ చివరివాళ్లకూ మధ్య రెండున్నర రెట్ల పైన తేడా ఉన్నా, ముగ్గురూ పడుకునేది అదే మంచం మీద.

అయితే ఇక్కడితో లెక్క ఆపేయకూడదు, నాలుగో మనిషి ఒకడున్నాడు. వాడు ఏమీ కొనడు. ఆ ఏడాది వెళ్లలేకపోతున్న ఓనరు దగ్గర వారం అద్దెకు తీసుకుంటాడు. రెడ్‌వీక్ లాంటి చోట్ల ఓనర్లు తమ వారాలను అద్దెకు పెడుతుంటారు. మెయింటెనెన్స్ డబ్బు తిరిగొస్తే చాలనుకునేవాళ్లు వాళ్లలో చాలామంది ఉంటారు. అద్దె 1,500 దగ్గర మొదలై అదీ ఏటా 5 శాతం పెరిగిందనుకున్నా, పదేళ్లకు 18,900 దాటదు. రీసేల్ కొన్నవాడి ఖర్చు కన్నా అది కాస్త తక్కువే, పైగా మెడ మీద బిల్లు లేదు. నచ్చకపోతే వచ్చే ఏడాది వేరే ఊరు వెళ్తాడు.

ఒక్క డాలరు ధర వెనకున్న గుట్టు కూడా ఇదే. ఆ వారాన్ని అద్దెకిస్తే వచ్చేది, ఏటా కట్టే ఫీజు కన్నా తక్కువైనప్పుడు దాని విలువ సున్నా కాదు, సున్నాకు దిగువన ఉంటుంది. ఓనరు ఉచితంగా ఇస్తున్నది ఆస్తిని కాదు, తన అప్పుల పద్దును. బదిలీ ఖర్చులూ తానే కడతానని, ఈ ఏడాది మెయింటెనెన్స్ కూడా కట్టేశానని చెప్పేది అందుకే. కాబట్టి రీసేల్‌లో ముందుగా చూడాల్సింది ధర కాదు, మెయింటెనెన్స్ ఫీజు. అదే వారం అదే రిసార్ట్‌లో ఎంతకు అద్దెకు దొరుకుతోందో కనుక్కుని, ఫీజుతో పోల్చాలి. ఫీజు కన్నా అద్దె బాగా ఎక్కువగా ఉంటే, అంటే సెలవుల సీజన్లో ఎప్పుడూ నిండిపోయే రిసార్ట్ అయితే, ఆ వారం కొనదగినదే. అలాంటివి ఒక్క డాలరుకు రావు, వేలల్లోనే పలుకుతాయి. రెండూ సమానంగా ఉంటే అద్దెకు తీసుకోవడమే నయం.

రీసేల్ మీద వేసే ఆంక్షలు

ఇంత తేడా ఉన్నాక డెవలపర్ దగ్గర ఎవరైనా ఎందుకు కొంటారు? చాలామంది రీసేల్ అనేది ఉందని తెలియక కొంటారు. ఆ తెలియకపోవడం మీదే ఈ వ్యాపారం సగం నడుస్తోందంటే తప్పులేదు. కానీ తెలిసినవాళ్లు పెరిగేకొద్దీ కంపెనీలూ దారి వెతుక్కున్నాయి. రీసేల్‌లో కొన్నవాళ్లకు వచ్చే హక్కులను ఒక్కొక్కటిగా కత్తిరించడం మొదలుపెట్టాయి. నిజానికి రెండింటిలో ఏది కొనాలన్న ప్రశ్న ఈ కత్తిరింపుల దగ్గరే తేలుతుంది.

1991లో మొదలైన డిస్నీ వెకేషన్ క్లబ్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ పాయింట్లు తీసుకున్న రిసార్ట్ ‘హోమ్ రిసార్ట్’ అవుతుంది, మిగతా రిసార్ట్‌లలోనూ ఆ పాయింట్లు చెల్లుతాయి. 2019 జనవరి 19 తర్వాత రూలు మారింది. అప్పటికే ఉన్న 14 రిసార్ట్‌ల పాయింట్లను రీసేల్‌లో కొన్నవాళ్లు ఆ 14 వరకే వాడుకోవాలి, తర్వాత కొత్త కాంట్రాక్టులతో వచ్చిన రివియెరా లాంటి రిసార్ట్‌లలో కుదరదు. రివియెరా పాయింట్లను రీసేల్‌లో కొంటే రివియెరాలో తప్ప ఇంకెక్కడా చెల్లవు. ఇది కొనేవాళ్లకు ఎంత దెబ్బో, అంతకన్నా పెద్ద దెబ్బ రివియెరాను డెవలపర్ దగ్గర పూర్తి ధరకు కొన్నవాళ్లకు. రేపు వాళ్లు అమ్మబోతే కొనేవాడికి దక్కేది ఒకే ఒక్క రిసార్ట్ కాబట్టి ధర ఆ మేరకు పడుతుంది. డైరెక్ట్‌గా కొనేటప్పుడు ‘నాకు అన్ని హక్కులూ వస్తాయి’ అని మురిసిపోయేవాళ్లు ఈ వైపు నుంచి కూడా చూడాలి: ఆంక్ష అమలయ్యేది తర్వాత కొనేవాళ్ల మీద, ధర పడేది ఇప్పుడు కొంటున్నవాళ్లకు.

మారియట్ వెకేషన్ క్లబ్ 2010 జూన్‌లో వారాల నుంచి పాయింట్ల పద్ధతికి మారింది. ఆ తర్వాత బయట కొన్న వారాలను పాయింట్ల పథకంలో చేర్చుకునే వీలు సాధారణంగా లేకుండా చేసింది. ఆ వారం మాత్రం ఓనరుదే, అదే రిసార్ట్‌కు ఏటా వెళ్లడానికి అడ్డు లేదు. హిల్టన్ గ్రాండ్ వెకేషన్స్ 2021లో డైమండ్ రిసార్ట్స్‌ను కొన్నాక, రెండు కంపెనీల రిసార్ట్‌లనూ కలుపుతూ మరుసటి ఏడాది హెచ్‌జీవీ మ్యాక్స్ అనే సభ్యత్వాన్ని తెచ్చింది. రీసేల్ వాళ్లకు పాత క్లబ్బు అందుతుంది, మ్యాక్స్ అందదు. విండమ్ క్లబ్బులో వీఐపీ హోదా ఉన్నవాళ్లకు తేదీ దగ్గరపడ్డాక తక్కువ పాయింట్లకే గది ఇస్తారు, అప్‌గ్రేడ్ ఇస్తారు. రీసేల్‌లో ఎన్ని లక్షల పాయింట్లు కొన్నా ఆ హోదాకు లెక్కలోకి రావు.

ఈ పథకాల పేర్లూ రూల్సూ మారుతూనే ఉంటాయి. కొనే రోజున అమల్లో ఉన్న రూలు రేపు ఉంటుందన్న హామీ డైరెక్ట్‌గా కొన్నవాళ్లకూ లేదు. డీడ్‌లో రాసి ఉన్న హక్కు వేరు, క్లబ్ సభ్యత్వం వల్ల వచ్చే సౌకర్యం వేరు. మొదటిది తీసేయడం కంపెనీ చేతిలో లేదు. రెండోదాన్ని మార్చుకునే స్వేచ్ఛ తనకే ఉంటుందని కంపెనీ కాంట్రాక్టులో ముందే రాసుకుంటుంది. రాసి ఉన్న హక్కు రీసేల్‌లోనూ వస్తుంది. డెవలపర్ దగ్గర అదనంగా డబ్బు పెట్టేది ఎక్కువగా రెండోదానికే.

దాన్ని వెల కట్టి చూడటం కష్టమేమీ కాదు. సేల్స్ టేబుల్ మీద చెప్పే సౌకర్యాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, వాటిలో ఏటా తప్పకుండా వాడేవి ఏవో గుర్తుపెట్టుకుని, బయట కొంటే ఎంతవుతుందో పక్కన వేయాలి. క్రూయిజ్‌కు పాయింట్లు వాడుకోవచ్చంటారు. పాయింట్లను డాలర్లలోకి మారిస్తే ఆ క్రూయిజ్ డబ్బిచ్చి కొన్నదాని కన్నా ఖరీదైనదిగా తేలడం తరచూ జరిగేదే. హోటల్ పాయింట్లుగా మార్చుకోవచ్చంటారు, అక్కడా అదే కథ. పార్క్ పాస్‌ల మీద తగ్గింపు లాంటివి ఏటా పిల్లలతో అక్కడికే వెళ్లే కుటుంబానికి నిజంగా పనికొస్తాయి. మిగతావాళ్లకు అవి బ్రోషర్‌లో బొమ్మలే. ఈ లెక్కలో ఏడాదికి 300 డాలర్ల లాభం తేలితే, దానికోసం ముందుగా ఎక్కువ పెట్టిన 15 వేలు తిరిగి రావడానికి యాభై ఏళ్లు పడుతుంది.

మార్పిడి విషయంలో సేల్స్ వాళ్లు చెప్పే ఒక మాటను మాత్రం వేరుగా చూడాలి. రీసేల్ వారంతో మార్పిడి కుదరదంటారు. ఆర్‌సీఐకి గానీ ఇంటర్వెల్‌కు గానీ రిసార్ట్ అనుబంధంగా ఉంటే, రీసేల్‌లో కొన్న వారాన్నీ విడిగా సభ్యత్వం కట్టి జమ చేసుకోవచ్చు. ఆ వారానికి మార్పిడిలో ఎంత విలువ వస్తుందనేది రిసార్ట్, సీజన్, గది సైజును బట్టి ఉంటుంది. ఓనరు దానికి ఎంత పోశాడన్నది వాళ్లకు అక్కర్లేదు. అయితే ఒక్కో మార్పిడికి 200 డాలర్ల పైనే ఫీజు ఉంటుంది, కోరిన చోటు కోరిన తేదీకి దొరకకపోవచ్చు. మార్పిడి మీదే ఆశ పెట్టుకుని టైమ్‌షేర్ కొనడం ఎక్కడ కొన్నా తెలివైన పని కాదు. ఏటా వెళ్లాలనిపించే చోటే కొనాలి.

మరి డెవలపర్ దగ్గర కొనడం ఎవరికి కుదురుతుంది? కొత్తగా కట్టిన రిసార్టే కావాలి, దాని పాయింట్లు ఇంకా రీసేల్‌లోకి రాలేదు, చేతిలో నగదు ఉంది, పైన చెప్పిన లెక్క వేసినా సౌకర్యాలు గిట్టుబాటవుతున్నాయి. అలాంటివాళ్లు కొంతమంది ఉంటారు. కొన్ని క్లబ్బుల్లో సభ్యత్వం అర్హతకు కావలసినంత మట్టుకే డైరెక్ట్‌గా కొని, మిగతా పాయింట్లను రీసేల్‌లో చేర్చుకునేవాళ్లూ ఉన్నారు. డిస్నీ క్లబ్బులో ఈ పద్ధతి బాగా వాడుకలో ఉంది. విండమ్ వీఐపీ లాంటి చోట మాత్రం డైరెక్ట్ పాయింట్లే లెక్కలోకి వస్తాయి కాబట్టి ఈ ఉపాయం పారదు. పెద్ద కంపెనీలు కొన్ని, అప్పు తీరిపోయిన ఓనర్ల దగ్గర టైమ్‌షేర్‌ను వెనక్కి తీసుకునే పథకాలు పెట్టాయి. వాటిలో రీసేల్ ఓనర్లకు చోటుందో లేదో కొనకముందే అడిగి కాగితం మీద తీసుకోవడం అవసరం. వదిలించుకునే దారి తెలియకుండా ఏటా బిల్లు వచ్చే వస్తువును కొనకూడదు.

బయట కొనేటప్పుడు కాగితాలు

రీసేల్‌లో ధర తక్కువ, పని ఎక్కువ. డెవలపర్ దగ్గర గంటన్నరలో అయిపోయేది ఇక్కడ రెండు మూడు నెలలు పట్టొచ్చు.

ముందు ధర. అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగే ధరను చూసి మోసపోకూడదు. తాము పెట్టిన 20 వేలలో సగమైనా రావాలన్న ఆశతో ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా ఉండే ప్రకటనలు బోలెడు. అసలు ఎంతకు అమ్ముడుపోయాయో చూడాలి. ఈబేలో అమ్ముడైన వాటిని విడిగా వడపోసి చూసే వీలుంది. ఏడాది చివర్లో ధరలు ఇంకాస్త దిగుతాయి. చాలాచోట్ల జనవరిలో కొత్త మెయింటెనెన్స్ బిల్లు పడుతుంది కాబట్టి అంతలోపు చేతులు దులుపుకోవాలని ఓనర్లు తొందరపడతారు.

తర్వాత ఆ కాంట్రాక్టు ఆరోగ్యం. రిసార్ట్ ఇచ్చే ఎస్టాపెల్ సర్టిఫికెట్‌లో ఆ యూనిట్ మీద బాకీలున్నాయా, ఈ ఏడాది ఫీజు కట్టారా, స్పెషల్ అసెస్‌మెంట్ ఏదైనా పడిందా, ఎన్ని పాయింట్లు మిగిలాయి అన్నీ ఉంటాయి. ఈ చివరిది చాలామంది చూడరు. అమ్మేవాడు ఈ ఏడాదివి వాడేసుకుని, వచ్చే ఏడాదివి కూడా ముందుగానే అప్పు తెచ్చుకుని ఉండొచ్చు. అలాంటి కాంట్రాక్టు చవకగా కనిపిస్తుంది, కానీ కొన్నవాళ్లు రెండేళ్లు ఫీజు కడుతూ ఎక్కడికీ వెళ్లలేరు. గడువు తీరే తేదీ కూడా అంతే ముఖ్యం. డిస్నీ పాత రిసార్ట్‌లు కొన్నింటి కాంట్రాక్టులు 2042తో ముగుస్తాయి. పాయింటు ధర తక్కువగా ఉందని సంబరపడే ముందు, దాన్ని మిగిలిన ఏళ్లతో భాగించి చూడాలి. గడువే లేని డీడ్‌లదీ మరో చిక్కు: ఫీజుకు కూడా గడువు ఉండదు. స్పెయిన్‌లో 1998 నాటి చట్టం టైమ్‌షేర్ కాలాన్ని 50 ఏళ్లకు పరిమితం చేసింది. ఆ తర్వాత శాశ్వతమని రాసి అమ్మిన కాంట్రాక్టులు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 2015లో తేల్చింది.

కొన్ని కంపెనీలకు ముందుగా కొనే హక్కు ఉంటుంది. ఓనరు, కొనేవాళ్లు ఒక ధరకు ఒప్పుకున్నాక కంపెనీ అదే ధరకు తానే తీసుకోవచ్చు. మరీ చవకగా కుదిరిన బేరాలు ఇలా చేజారుతుంటాయి. డబ్బు నష్టం ఉండదు, నెల రోజులు వృథా అవుతాయి. మారుమాట లేకుండా అన్నిటికీ కంపెనీ ఒప్పుకునే క్లబ్బులో అయితే, ఆ పాయింట్ల మీద దానికీ పెద్ద నమ్మకం లేదని అర్థం చేసుకోవచ్చు.

డబ్బు ఎప్పుడూ ఎస్క్రో ఖాతా ద్వారానే కదలాలి. అంటే మధ్యలో ఉండే టైటిల్ కంపెనీ దగ్గర డబ్బు ఉంటుంది, డీడ్ పేరు మారి రికార్డయ్యాకే అమ్మినవాళ్లకు అందుతుంది. ఎస్క్రో కంపెనీ నిజంగా ఉందో లేదో అమ్మేవాళ్లు ఇచ్చిన ఫోన్ నంబరుతో కాకుండా విడిగా కనుక్కోవాలి. మోసాలు అమ్మేవాళ్ల మీదే ఎక్కువ జరుగుతాయి: ‘మీ టైమ్‌షేర్‌కు కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, ముందుగా పన్ను కట్టండి, క్లోజింగ్ ఫీజు పంపండి’ అని ఫోన్ చేస్తారు. మెక్సికోలోని టైమ్‌షేర్‌ల పేరుతో జరిగిన ఇలాంటి మోసాల్లో 2019 నుంచి 2023 మధ్య దాదాపు 6,000 మంది అమెరికన్లు 30 కోట్ల డాలర్లకు దగ్గరగా పోగొట్టుకున్నట్టు ఎఫ్‌బీఐకి ఫిర్యాదులు అందాయి. వాటి వెనక హలిస్కో డ్రగ్ ముఠా ఉందని అమెరికా ట్రెజరీ శాఖ ఆంక్షలు కూడా విధించింది. ఇవాళ కొనేవాళ్లే రేపు అమ్మేవాళ్లు కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. నిజమైన బ్రోకర్ అమ్మకం పూర్తయ్యాకే కమిషన్ తీసుకుంటాడు. యూరోపియన్ యూనియన్‌లో అయితే రీసేల్ ఏజెంట్ అమ్మకం జరగకముందే డబ్బు అడగడాన్ని 2008 నాటి డైరెక్టివ్ నిషేధించింది.

అమెరికాలో సొంత వాడకానికి కొన్న టైమ్‌షేర్‌ను నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్ను లెక్కలో చూపించుకోవడం కుదరదు. పెట్టుబడి అంటూ అమ్మజూపే సేల్స్ మనిషి ఈ ముక్క చెప్పడు.

సంతకం అయిపోయిందా?

ఈ వ్యాసం చదివేసరికే డెవలపర్ కాగితాల మీద సంతకం పెట్టినవాళ్లు కొందరుంటారు. రీసేల్ ధరలు చాలామంది వెతికేది హోటల్ గదికి తిరిగొచ్చాకే. కాంట్రాక్టు రద్దు చేసుకోవడానికి వాళ్లకు కొద్ది రోజుల గడువుంటుంది. ఫ్లోరిడాలో 10 రోజులు, కాలిఫోర్నియాలో 7 రోజులు, నెవాడాలో 5 రోజులు. యూరోపియన్ యూనియన్‌లో 14 రోజులు, ఆ రోజుల్లో అడ్వాన్సు తీసుకోవడం కూడా నిషేధమే. వర్తించేది సాధారణంగా రిసార్ట్ ఉన్న లేదా సంతకం జరిగిన చోటి చట్టం, కొన్నవాళ్లు ఉండే ఊరిది కాదు. ఏది వర్తిస్తుందో కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది. ఆ పేజీ సాధారణంగా కట్టలో వెనకాల ఎక్కడో ఉంటుంది. వ్యక్తుల మధ్య జరిగే రీసేల్‌కు ఈ హక్కు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, కొనుగోలు ఒప్పందంలో విడిగా చూసుకోవాలి.

రద్దు చేసుకోవడానికి కారణం చెప్పనక్కర్లేదు. సేల్స్ ఆఫీసుకు ఫోన్ చేయడం వల్ల ఉపయోగం లేకపోగా, ఇంకోసారి కూర్చోబెట్టి తక్కువ ధర చూపిస్తారు, లేదా గడువు దాటేదాకా మాటలతో లాగుతారు. కాంట్రాక్టులో చెప్పిన చిరునామాకు, చెప్పిన పద్ధతిలోనే ఉత్తరం పంపాలి. పేరు, కాంట్రాక్టు నంబరు, సంతకం చేసిన తేదీ, రద్దు చేసుకుంటున్నామన్న ఒక్క వాక్యం, కొన్నవాళ్లందరి సంతకాలు ఉంటే చాలు. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు, ఉత్తరం కాపీ దాచుకోవాలి. చాలా రాష్ట్రాల్లో ఉత్తరం వాళ్లకు చేరిన తేదీ కాకుండా పోస్టు చేసిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి గడువు చివరి రోజున పోస్టు చేసినా సరిపోతుంది. రసీదు మీద తేదీ ముద్ర స్పష్టంగా పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి.